తెలుగే కదా

మార్చి 3, సోమవారం

ఈ డైరీ ఇంకుల కంపెనీవాడు ప్రెస్సుకిచ్చింది. జనవరి నుంచీ మా ఓనరు చెంచురామయ్యగారు దీని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నారు. అడిగితే ఇచ్చేశారు. ఇంటికి తీసుకెళ్ళను. ఇంట్లో నా బీరువాకు తాళం లేదు. కావాలంటే "మనింట్లో తాళాలెందుకమ్మా" అంటారు అత్తయ్యగారు. ఇక్కడ నా కంప్యూటర్ కింద సొరుగు మాత్రం నాది.

ఇవాళ మామయ్యగారు ప్రెస్సుకొచ్చారు. నేను చేరి ఆరేళ్ళయినా ఇదే మొదటిసారి. తెనాలి మెయిన్ రోడ్డులో శుభలేఖలూ, ఓణీల ఫంక్షన్ కార్డులూ, కరపత్రాలూ కొట్టే చోటికి రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ సుబ్రహ్మణ్యంగారు రావడమేంటని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చేతిలో లావుపాటి కాగితాల కట్ట. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ పోగుచేసిన ఇంగ్లీషు జాతీయాలట. అర్థాలతో పుస్తకం వేస్తారట. టైపు మా కోడలే చేస్తుందని చెంచురామయ్యగారితో చెప్పేశారు. నన్ను అడగలేదు. వెళ్ళేటప్పుడు నా వైపు తిరిగి, "నువ్వు అర్థం చేసుకోనక్కర్లేదు సుష్మా. అక్షరం చూసి అక్షరం కొట్టు, చాలు" అన్నారు.

సరేనండి అన్నాను. ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా నేను అందరికంటే ఎక్కువగా వాడే మాట అదే.

మార్చి 5

ఎ అక్షరం సగం అయింది.

మార్చి 7, శుక్రవారం

పుస్తకం పద్ధతి ఇది. పైన ఇంగ్లీషు జాతీయం, దాని పక్కన ఇంగ్లీషులో అర్థం, కింద తెలుగులో అర్థం, ఆ కింద వాడుక తెలియడానికి తెలుగులో ఒక వాక్యం. వాక్యాల నిండా మా ఇంట్లోవాళ్ళే. 'యాపిల్ ఆఫ్ వన్స్ ఐ' అంటే కంటివెలుగు. వాక్యం: శ్రీవల్లి తాతగారికి కంటివెలుగు. అది మా అమ్మాయి. అత్తయ్యగారు విశాలాక్షి వచ్చారు. హైదరాబాదులో ఉండే ఆడపడుచు ఇందుమతి వచ్చింది. మా ఆయన భరద్వాజ 'బుక్‌వర్మ్' దగ్గర వచ్చారు, పుస్తకాల పురుగట. చివరికి పాలవాడు కూడా వచ్చాడు.

నా పేరు ఇంకా రాలేదు. ఎస్‌లో వస్తుందేమో.

మార్చి 10, సోమవారం

నిన్న భరద్వాజ బాపట్ల నుంచి వచ్చి ఉన్నారు. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పుకుని శనివారం సాయంత్రం బండికి ఇంటికొస్తారు. శ్రీవల్లి సంగీతం క్లాసుకి వెళ్ళింది. వాళ్ళు ముగ్గురూ టిఫిన్‌కి కూర్చున్నారు, నేను దోసెలు వేస్తున్నాను. ముగ్గురూ కూర్చుంటే మాట ఇంగ్లీషులోకి జారిపోతుంది. నాకు ఇంగ్లీషు రాదని కాదు. తెలుగు మీడియంలో బీకాం చదివినదాన్ని, మాటలు తెలుస్తాయి. అందుకని మామూలు మాటలు మానేసి జాతీయాల్లో మాట్లాడతారు. అందులో మాటలు తెలిసినా లాభముండదు.

మామయ్యగారు "షుగర్ ద పిల్" అన్నారు. ఆయన టిఫిన్‌కి ముందు షుగర్ టాబ్లెట్ వేసుకోవాలి. మర్చిపోయారేమోనని డబ్బా తెచ్చి గ్లాసు పక్కన పెట్టాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. అత్తయ్యగారైతే కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత అమాయకురాలివే" అన్నారు. భరద్వాజ కూడా నవ్వారు. ఆ టాబ్లెట్ కాదులే అన్నారు. మరి ఏ టాబ్లెట్టో ఎవరూ చెప్పలేదు. దోసె మాడిపోయింది.

మార్చి 13

సి వచ్చింది. 'కట్ ఫ్రమ్ ద సేమ్ క్లాత్.'

ఇది నాకు కొత్త కాదు. శ్రీవల్లి ఫోన్లో మా అమ్మతో "అట్టాగా అమ్మమ్మా, ఇట్టా చెయ్యి" అని మాట్లాడుతుంటే నన్నూ దాన్నీ చూసి మామయ్యగారు ఈ మాట అనడం విన్నాను. క్లాత్ అంటే గుడ్డ కదా. గుడ్డంటే మా నాన్న బసవలింగం చేతిపని. మోకాళ్ళు చెడి, మగ్గం వదిలేసి, చీరాల నుంచి వచ్చి రేపల్లెలో బట్టల కొట్టు పెట్టుకునేదాకా ఆయన నేసిన చీర చూసి ఎవరూ వంక పెట్టలేదు. అందుకని ఆ మాట మెప్పుదల అనుకున్నాను. ఆ పూట మామయ్యగారికి రెండోసారి కాఫీ కూడా ఇచ్చాను.

ఇవాళ అర్థం టైపు చేశాను. ఒకే బుద్ధి కలవారు. ఎక్కువగా ఎత్తిపొడుపుకి వాడతారని ఆయనే బ్రాకెట్టులో రాసుకున్నారు.

మార్చి 14

టైపు చేసేవాళ్ళు వరస తప్పకూడదు. ఇవాళ తప్పాను. కాగితాల కట్ట తిరగేసి ఎస్‌కి వెళ్ళాను.

షుగర్ ద పిల్: చేదు విషయాన్ని తియ్యగా చెప్పి మింగించడం.

ఎవరికి? ఏ చేదు?

మార్చి 18

నాకెందుకులే అనుకున్నాను. ఇందుమతి వాళ్ళ గొడవేదో అయి ఉంటుంది.

మార్చి 24, సోమవారం

ఇందుమతి గొడవ కాదు.

వారం నుంచీ ఇంట్లో విన్న ముక్కలన్నీ గుర్తుపెట్టుకుని ఇక్కడికొచ్చి కట్టలో వెతుక్కుంటున్నాను. 'పుల్ స్ట్రింగ్స్' అంటే పలుకుబడి వాడి పని జరిపించుకోవడం. నేను పోగులు లాగడం అనుకునేదాన్ని. 'కీప్ ఇన్ ద డార్క్' అంటే తెలియనివ్వకుండా ఉంచడం. 'గివ్ సమ్‌వన్ ద స్లిప్' నిన్న విన్నాను, జారుకోవడమట. నిన్న ముగ్గురూ కూర్చున్నారు. నేను తలొంచుకుని పచ్చడి నూరుతున్నాను. అంతా తెలిసిపోయింది.

విషయం ఇది. శ్రీవల్లి జూన్‌లో ఆరో తరగతికి వస్తుంది. బాపట్లలో ఒక హాస్టల్ స్కూల్లో మామయ్యగారు పాత శిష్యుడెవరినో పట్టుకుని సీటు తెచ్చారు. నాకు చెబితే ఏడుస్తాను, అది చూసి పిల్ల మొండికేస్తుంది. అందుకని పది రోజుల ఇంగ్లీషు క్యాంపు అని చెప్పి మే చివర తీసుకెళ్ళి దింపుతారు. క్యాంపు అయ్యేసరికి అలవాటు పడుతుంది, అక్కడే ఉంచేస్తారు. ఇంట్లో ఉంటే నా మాట, నా యాస అంటుకుంటున్నాయట. సాయంత్రం ప్రెస్సుకి వచ్చి నా పక్కన కూర్చుంటుంది, సెలవు దొరికితే రేపల్లె పరుగెత్తుతుంది, అదీ వాళ్ళ బాధ.

భరద్వాజ ఏం అంటారోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆయన ఇంకో దోసె వెయ్యమన్నారు.

పదేళ్ళ పిల్లని టాబ్లెట్ మింగించినట్టు మింగిస్తారా? దాని తల్లిని నేను. శ్రీవల్లికి ఇవాళే చెప్పేయాలి.

కానీ వచ్చేవారం పరీక్షలు. పరీక్షలయ్యాక చెబుతాను.

మార్చి 31

భరద్వాజని అడిగాను. ఆరో తరగతికి శ్రీవల్లిని ఎక్కడ చేర్చాలనుకుంటున్నారని మామూలుగా అడిగినట్టే అడిగాను. ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"ఇంకా ఏం అనుకోలేదు సుష్మా. చూద్దాం."

ఈ మనిషినే నేను కులం కాదనుకుని, మా నాన్నతో మాట పడి చేసుకుంది. అప్పుడు ఆయన తెలుగులో ఎంత బాగా మాట్లాడేవారో.

ఏప్రిల్ 9, బుధవారం

మామయ్యగారికి విసుగొచ్చింది. జె దాటాక కాగితాల మీద తెలుగు వాక్యాలు లేవు, ఖాళీ వదిలేశారు. అడిగితే పేపరు మడవకుండానే చెప్పారు.

"నువ్వే ఏదో ఒకటి వేసెయ్యమ్మా. తెలుగే కదా, దానికేముంది."

ఏప్రిల్ 10

కె నుంచి నా వాక్యాలే.

మొదట పిచ్చివి వేశాను. కాగితం ఖరీదు గురించి, రేపల్లె బండి ఆలస్యం గురించి. తర్వాత 'కీప్ ఇన్ ద డార్క్' వచ్చింది. చాలాసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాను. చెంచురామయ్యగారు కరెంటు పోయిందా అని అడిగారు.

వేశాను. కోడలికి తెలియనివ్వకుండా మనవరాలికి హాస్టల్లో సీటు తెచ్చారు.

ఎంత హాయిగా ఉందో. పన్నెండేళ్ళలో ఆ ఇంటి గురించి నేను చెప్పిన మొదటి మాట ఇది.

ఏప్రిల్ 16

'పుల్ స్ట్రింగ్స్': తాతగారు పాత శిష్యుడిని పట్టుకుని పని జరిపించారు.

'షుగర్ ద పిల్': పది రోజుల క్యాంపు అని చెప్పి శ్రీవల్లిని బాపట్ల హాస్టల్లో వదిలిరావాలని పెద్దలు అనుకున్నారు.

'టర్న్ ఎ డెఫ్ ఇయర్': అన్నీ వింటూనే భరద్వాజ చెవిటివాడిలా కూర్చున్నాడు. ఇంట్లో ఆయన్ని మీరు అంటాను. పుస్తకంలో అనక్కర్లేదు.

ప్రూఫ్‌లో మామయ్యగారు చూస్తారు. చూసి అడుగుతారు. అడిగితే అప్పుడు చెబుతాను, నాకూ అర్థాలు తెలిశాయని. నా అంతట నేను వెళ్ళి గొడవ పడితే నోరున్న మనిషినంటారు. ఆయన అడిగితే అది వేరు.

ఏప్రిల్ 28, సోమవారం

పరీక్షలయ్యాయి. నిన్న రేపల్లె నుంచి శ్రీవల్లిని తీసుకొచ్చాను. అమ్మమ్మ నేర్పిందట, కొత్తగా ముగ్గులు వేస్తోంది. బండిలో చెబుదామనుకున్నాను. భట్టిప్రోలు వచ్చేసరికి నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, మా నాన్న నిద్రపోయినట్టే పోతుంది.

సెలవులు కదా, సంతోషంగా ఉండనీ. తర్వాత చెబుతాను.

మే 6

ప్రూఫ్ ఇచ్చాను. మామయ్యగారు ఎర్ర పెన్ను పట్టుకుని వీధి గదిలో కూర్చున్నారు. కామా ఒకటి వంకరగా ఉందని, ఒక చోట క్యాపిటల్ అక్షరం పడలేదని పిలిచి చూపించారు. ఆయన కళ్ళు పేజీ మీద ఎలా కదులుతున్నాయో నిలబడి చూశాను. ఇంగ్లీషు వరస దగ్గర ఆగుతున్నాయి, తెలుగు రాగానే కిందికి దూకేస్తున్నాయి. ఎస్ కూడా అలాగే దాటిపోయింది.

"తెలుగు కూడా ఒకసారి చూడండి మామయ్యగారూ" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"నువ్వు వేశావుగా. తెలుగులో తప్పులేముంటాయమ్మా" అన్నారు. చివరి పేజీ మీద సంతకం పెట్టి ఇచ్చారు.

సంతకం పడిన ప్రూఫ్‌లో అక్షరం మార్చకూడదు. అది ప్రెస్సు రివాజు. నేను మార్చలేదు.

మే 17, శనివారం

పుస్తకాలు బైండింగ్ అయి వచ్చాయి. అట్ట బాగుంది. ఆవిష్కరణ వచ్చే ఆదివారం బాపట్లలో, మామయ్యగారి పాత సహోద్యోగులు కలిసి చేస్తున్నారు. మర్నాటి నుంచే క్యాంపు. అందరం కలిసే వెళ్ళి, వచ్చేటప్పుడు పిల్లని దింపి వస్తామన్నమాట.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు శ్రీవల్లికి క్యాంపు సంగతి చెప్పారు. ఈత కొలను ఉందట, నాటకాలు వేయిస్తారట. అది ఎగిరి గంతేసింది. నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి, "అమ్మా, బాగుంటుందా?" అని అడిగింది. మామయ్యగారూ అత్తయ్యగారూ నా వంకే చూస్తున్నారు.

బాగుంటుందమ్మా అన్నాను.

ఏం చెయ్యను? పుస్తకం అచ్చయింది. ఈ వారంలో ఎవరో ఒకరు చదవకపోరు. ఇందుమతికి ఒక కాపీ పంపారు. ఆయన శిష్యులకు పంపారు. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

మే 22

ఎవరూ ఫోన్ చేయలేదు. అట్ట బాగుందని మెసేజీలు వస్తున్నాయి.

మే 24

బ్యాగు సర్దాను. పది రోజులకి సరిపడా బట్టలే పెట్టమన్నారు.

మే 27, మంగళవారం

రాయడానికి రెండు రోజులు చేతులు రాలేదు.

బాపట్లలో హాలు చిన్నదే అయినా నిండింది. అందరూ రిటైరైన మాస్టార్లు, లెక్చరర్లు, వాళ్ళ భార్యలు. నేను వెనక వరసలో శ్రీవల్లి బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఉపన్యాసాలు అయ్యాయి. పుస్తకం గొప్పదన్నారు. ముందుమాట తప్ప ఎవరూ చదివినట్టు లేదు.

చివర మామయ్యగారు లేచారు. జాతీయాలు రానివాళ్ళ అవస్థ ఎలా ఉంటుందో మా ఇంట్లో ఉదాహరణే చెబుతానన్నారు. షుగర్ టాబ్లెట్ల కథ మొదలుపెట్టారు. మా కోడలు డబ్బా తెచ్చి గ్లాసు పక్కన పెట్టింది అనేసరికి హాలంతా నవ్వింది. ముందు వరసలో అత్తయ్యగారు వెనక్కి తిరిగి నన్ను చూపించారు. వాళ్ళలో ఒక పెద్దాయన నా వైపు చేతులు జోడించి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. తలవంపులే అయినా, నవ్వకపోతే పొగరంటారు.

అప్పుడు మామయ్యగారు శ్రీవల్లిని వేదిక మీదకు పిలిచారు. మైకు కిందికి దించారు.

"మన షుగర్ ద పిల్ తియ్యి తల్లీ. అర్థం, వాక్యం గట్టిగా చదువు."

నేను లేచి నిలబడ్డాను. కాళ్ళకి బ్యాగు అడ్డం పడింది.

అది బళ్ళో నేర్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా, ఒక్క తప్పు లేకుండా చదివింది. చేదు విషయాన్ని తియ్యగా చెప్పి మింగించడం. పది రోజుల క్యాంపు అని చెప్పి శ్రీవల్లిని బాపట్ల హాస్టల్లో వదిలిరావాలని పెద్దలు అనుకున్నారు. చదివేటప్పుడు దానికి తెలియలేదు. పూర్తయ్యాక పుస్తకంలోకి మళ్ళీ చూసింది. వేలు పెట్టి తన పేరు దగ్గర ఆగింది. తర్వాత తలెత్తి హాలంతా వెతికింది, నా కోసం.

ఇన్నాళ్ళూ ఆ వాక్యాన్ని మామయ్యగారు చదువుతారని, ఆయన మొహం ఎలా మాడిపోతుందో చూడాలని ఎదురుచూశాను. దాన్ని నా కూతురి గొంతులో వింటానని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మామయ్యగారు ఘటికుడు. ఆ పుస్తకం పిల్ల చేతిలోంచి తీసుకుని, "ముద్రారాక్షసం" అన్నారు. అందరూ మళ్ళీ నవ్వారు. ఆ నవ్వులో శ్రీవల్లి మెట్లు దిగి వచ్చింది. ఏడవలేదు. బ్యాగు తనే భుజాన వేసుకుంది.

ఆ రోజు ఎవరూ దాన్ని హాస్టల్లో దింపలేదు. ఇంటికొచ్చాక భరద్వాజ "ఇంత పని చేస్తావనుకోలేదు" అన్నారు. తెలుగులోనే అన్నారు. మామయ్యగారు సీటు వదిలేద్దాం, మీ ఇష్టం అని గదిలోకి వెళ్ళిపోయారు. నేను గెలిచాను.

మే 31, రేపల్లె నుంచి వచ్చాక

శ్రీవల్లి అమ్మమ్మ దగ్గరుంటానంటే నాలుగు రోజులు తీసుకెళ్ళాను. అక్కడ అందరూ నన్ను మెచ్చుకున్నారు. మా అమ్మ శేషమ్మ అయితే బాగా బుద్ధి చెప్పావే అంది. శ్రీవల్లి ముగ్గు వెయ్యలేదు. కొట్లో తాతయ్య పక్కన కూర్చుని చీరల మడతలు సరిచేస్తూ ఉండిపోయింది.

నిన్న సాయంత్రం జడ వేస్తుంటే వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

"నీతోపాటే, అప్పుడే తెలిసింది" అన్నాను.

నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఎంత తియ్యగా వచ్చిందో.

చేతిలో రిబ్బను వేలికి చుట్టుకుంది.

"టైపు చేసింది నువ్వేగా" అంది.

జడ సగంలో ఉంది. పూర్తిగా అల్లి రిబ్బను కట్టాను.

జూన్ 4

పరీక్షలని ఆగాను. సెలవులని ఆగాను. ప్రూఫ్ అని ఆగాను. మామయ్యగారిది మోసమైతే నాది ఏంటి? ఆ మాట ఏ అక్షరం కింద ఉంటుందో ఆ కట్టలో వెతకలేదు.

జూన్ 9, సోమవారం

శ్రీవల్లి హాస్టలుకి వెళ్తానంది. ఎవరూ అడగలేదు. టిఫిన్ దగ్గర, అందరి ముందూ చెప్పింది. మామయ్యగారికి దోసె గొంతులో అడ్డం పడింది. సీటు ఇంకా ఉందట, వదిలేద్దామన్నారే కాని వదల్లేదు. వద్దమ్మా, తెనాలిలోనే చదువుకో, నేను ఉన్నానుగా అని వంటింట్లోకి తీసుకెళ్ళి బతిమాలాను. ఎందుకు వెళ్తానంటున్నావో చెప్పమన్నాను.

"ఏం లేదమ్మా. ఈసారి నేనే ముందు చెప్తున్నా" అంది.

కోపంగా లేదు. నా చెంగు పట్టుకుని కాసేపు నిలబడి, వదిలేసి వెళ్ళింది.

జూన్ 11, బుధవారం

రేపు ప్రయాణం. హాస్టల్లో బట్టలు కలిసిపోకుండా ప్రతిదాని మీదా నంబరు కుట్టమన్నారు. మధ్యాహ్నం ప్రెస్సులో కూర్చునే కుట్టాను. చెంచురామయ్యగారు చూసి కార్డుల పని ఇంకొకరికి ఇచ్చారు.

మిగిలిన పుస్తకాలు అమ్మకానికి పెట్టాలట. షుగర్ ద పిల్ కింద వాక్యం కనిపించకుండా కొత్త వాక్యం అచ్చేసి చీటీ అతికించమని మామయ్యగారు కబురు చేశారు. ఈసారి ముందు తనకు చూపించాలన్నారు. ఇంకోటి టైపు చేసి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం వెలుగులోకి పట్టుకుని, ఒక్కో అక్షరం చదివారు. మళ్ళీ చదివారు. నా తెలుగు ఆయన చదవడం ఇదే మొదలు.

"క్యాంపు బాగుంటుందని సుష్మ కూతురితో చెప్పింది. ఊఁ. ఇది బాగుంది. ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నారు. సంతకం పెట్టారు.

పొద్దుగూకేదాకా కూర్చుని అన్ని పుస్తకాల్లోనూ చీటీలు అతికించాను. ఎస్‌లో నా పేరు వచ్చింది.